రెండంగుళాలు తక్కువైన తాడు

రోజులో ఒక్కసారైనా మన నోట ఆ మాట వస్తుంది. “ఈ పనికి అంతూ పొంతూ లేదు!” అంట్లు తోమి బోర్లించి, తడిచెయ్యి తుడుచుకునేలోపే సింకులో మళ్లీ రెండు టీ గ్లాసులు. ఈ నెల వాయిదా కట్టి హమ్మయ్య అనుకునేలోపే వచ్చే నెలది గుర్తు చేస్తూ ఫోన్లో మెసేజ్. అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త నెమ్మదించిందనుకుంటే నాన్నకు షుగర్ పెరుగుతుంది. పిల్లవాడి ఇంటర్ అయిందంటే ఎంట్రన్స్ ర్యాంకు, ర్యాంకు వచ్చిందంటే సీటు, సీటు దొరికిందంటే ఫీజు.

ఈ రోజు మీరూ ఆ మాట అనే ఉంటారు. పైకి అనకపోయినా లోపల అనుకుని ఉంటారు. అందులో తప్పేమీ లేదు. అలసిన మనిషి నిట్టూర్చకుండా ఎలా ఉంటాడు? చదువుతూ చదువుతూ కళ్లు మూతలు పడితే ఇక్కడే ఆపేయండి. మిగిలింది రేపు చదవొచ్చు. ఇక్కడ మిమ్మల్ని పాఠం అప్పజెప్పమనేవాళ్లు ఎవరూ లేరు.

ఒక్క సంగతి మాత్రం గమనించండి. మనం ‘అంతులేని’ అనే మాటను దేనికి వాడుతున్నాం? అంతులేని చాకిరీ. అంతులేని ఖర్చు. అంతులేని దిగులు. అంతులేని ఎదురుచూపు. అదే మాట గుడిలోకి వెళ్లేసరికి సంస్కృతంలో ‘అనంత’ అవుతుంది, అక్కడ అది స్వామి పేరు. విష్ణు సహస్రనామాల్లో అదొక నామం.

ఇంట్లో దిగులుకూ గుడిలో దేవుడికీ ఒకే బిరుదు ఇస్తున్నామన్నమాట. ఈ రెండింటిలో నిజంగా అంతు లేనిది ఏది? మీ జీవితంలో వెనక్కి చూసుకోండి. పదేళ్ల కిందట రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని దిగులు ఏమిటో ఇప్పుడు గుర్తుందా? గుర్తున్నా, అది అప్పటి బరువుతో ఉందా? ఆ రోజు దానికీ అంతు లేదనే అనుకున్నాం.

ఈ రోజు ఆ ఒక్క మాట దగ్గరే కాసేపు కూర్చుందాం.

వీధిబడుల్లో పిల్లలచేత అమరకోశం వల్లె వేయించే రోజుల్లో, అర్థం తెలియకముందే ఈ మాట పలుచోట్ల నోటికి వచ్చేసేది. ఆకాశానికి ఉన్న పేర్లలో ‘అనంతం’ ఒకటి. అది సరే, తల ఎత్తి చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ భూమికి ఉన్న పేర్లలోనూ ‘అనంత’ ఉంది. తలమీద ఉన్నదానికీ పాదాల కింద ఉన్నదానికీ అదే పేరు. మీరు ఎక్కడ నిలబడినా ఆ రెండింటి మధ్యే నిలబడతారు. ఆసుపత్రి వరండాలోనైనా, బస్టాండులోనైనా, డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఒక అద్దె ఇంటి బాల్కనీలో ఇంటి నుంచి ఫోన్ కోసం చూస్తూనైనా సరే.

నన్ను ఎక్కువగా తాకేది ఇంకొకటుంది. గరికకు కూడా అమరకోశంలో ‘అనంత’ అనే పేరుంది. వినాయక చవితికి మనం తెంపుకొచ్చే గరికే. పశువులు మేసినా, మనుషులు తొక్కినా, కొడవలితో కోసినా, కణుపు నేలకు తగిలిన చోటల్లా మళ్లీ వేరు వేసి చిగురు తొడుగుతుంది. ఆకాశానికి పెట్టిన పేరును తీసుకొచ్చి కాలికింద గడ్డికి పెట్టడానికి ఆ పెద్దలకు సంకోచం కలగలేదు. రాయలసీమ ఎండల్లో ప్రాణం లేచొచ్చేలా చేసే నన్నారి షర్బత్ సుగంధిపాల వేరు నుంచి వస్తుంది కదా, ఆ వేరు పేరు అనంతమూలం. లోతుగా పోయే వేరు, తవ్వేవాడికి చివర ఒక పట్టాన దొరకదు.

రాయలసీమ అన్నాక అనంతపురం గురించి చెప్పకుండా ఉండలేను. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అదొకటి. ఆ ఊరికి పేరు ఒక చెరువు వల్ల వచ్చిందంటారు. 14వ శతాబ్దంలో విజయనగర రాజుల మంత్రి చిక్కప్ప ఒడయరు కట్టించాడని చెప్పుకునే ఆ చెరువు పేరు అనంతసాగరం. వాన కోసం ఆకాశం వంక చూసే నేల మీద, ఒక గట్టు వేసి, నీళ్లు ఆపి, దానికి అంతులేని సముద్రమని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్లకు కరువు తెలియదంటారా? నిండా తెలుసు. తెలిసే పెట్టారు. అది గొప్ప చెప్పుకోవడం అనిపించదు నాకు, ప్రార్థన అనిపిస్తుంది.

అంటే మన పెద్దలు ఈ మాటను ఎక్కడో అందని ఎత్తులో ఉంచలేదు. గడ్డికిచ్చారు, వేరుకిచ్చారు, చెరువుకిచ్చారు, కొండకిచ్చారు. వికారాబాద్ దగ్గర మూసీ పుట్టే కొండలు అనంతగిరి కొండలు. ఇళ్లలో పిల్లలకు అనంతయ్య, అనంతమ్మ అని పెట్టుకుని రోజూ అన్నానికి పిలిచారు. హద్దు లేనివాడు మన హద్దుల్లోకి దిగి రావడానికి చిన్నతనం అనుకోడని వాళ్లకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే గోకులంలో ఒక పెరటికి వెళ్లాలి.

భాగవతం దశమస్కంధంలోని ఆ ఘట్టం మీకు తెలిసిందే, పోతనగారి పద్యాల్లోనో, అమ్మమ్మ నోటనో విని ఉంటారు. యశోద పెరుగు చిలుకుతోంది. చిన్ని కృష్ణుడు పాలకోసం వచ్చి ఒడిలో చేరాడు. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. బిడ్డను దించి లోపలికి పరుగెత్తింది. ఆయనకు ఉక్రోషం వచ్చి కుండ పగలగొట్టాడు. ఆమె తిరిగొచ్చి చూస్తే పెరుగంతా నేలపాలు, పిల్లవాడు తిరగేసిన రోలెక్కి కూర్చుని కోతికి వెన్న పంచుతున్నాడు.

మనకు బాగా తెలిసిన ఉదయం కదూ ఇది? ఒడిలో బిడ్డ, పొయ్యి మీద పాలు, సగం చిలికిన పెరుగు. మనిషి ఒక్కతే. ఏది వదిలినా ఏదో ఒకటి ఒలికిపోతుంది.

ఆమె కర్ర తీసుకుని వెంటపడింది. చివరికి దొరికాడు. కాటుక కళ్లు నులుముకుంటూ ఏడుస్తుంటే మనసొప్పక కర్ర పారేసింది. కాసేపు రోటికి కట్టేస్తే అల్లరి మానతాడని తాడు తెచ్చింది. నడుం చుట్టూ తిప్పింది. రెండంగుళాలు తక్కువ. ఇంకో తాడు తెచ్చి ముడివేసింది. మళ్లీ రెండంగుళాలే తక్కువ. ఇంట్లో ఉన్న తాళ్లన్నీ కలిపింది. అయినా అంతే. లోపలా బయటా, ముందూ వెనుకా అనేవి లేనివాడి నడుం కొలవబోయింది ఆ తల్లి. చుట్టూ చేరిన గోపికలు నవ్వుతున్నారు. తనకూ వింతగానే ఉంది.

రెండంగుళాలంటే ఎంత? రెండు వేళ్ల వెడల్పు. బారెడు తక్కువైతే మొదట్లోనే వదిలేసి ఉండేదేమో. మన లోటు కూడా ఎప్పుడూ అంతే ఉంటుంది, గమనించారా? ఇంకొక్క రెండు వేలుంటే ఈ నెల గట్టెక్కేది. ఇంకొక్క గంట పడుకుంటే ఒళ్లు తేలికపడేది. ఇంకొక్క మాట ఓర్చుకుని ఉంటే నిన్న రాత్రి ఆ గొడవ జరిగేది కాదు. ఎంత కలిపినా, ఎన్ని ముడులు వేసినా, ఆ చివర ఈ చివర కలవవు. కొద్దిలో ఆగిపోతుంది. పూర్తిగా ఓడిపోతే మానేస్తాం. ఈ కొద్దిపాటి లోటే మనిషిని రోజూ పరుగెత్తిస్తుంది.

అప్పుడేం జరిగింది? యశోదకు ఎక్కడైనా పొడుగాటి తాడు దొరికిందా? దొరకలేదు. ఆమెకు ఒళ్లంతా చెమటలు పట్టాయి. కొప్పు వీడింది. తలలో పూలు జారిపోయాయి. పిల్లవాడు అమ్మ ముఖంలోకి చూశాడు. అలసిపోయిందని చూశాడు. జాలిపడ్డాడు. కట్టుబడిపోయాడు.

నేను ప్రతిసారీ ఇక్కడ ఆగిపోతాను. తాడు ఎవరూ పెంచలేదు. ఆయన నడుమూ అప్పటిదాకా ఉన్న పసివాడి నడుమే. మధ్యలో మారింది ఒక్కటే, ఆయన తల్లి ముఖం చూశాడు. భాగవతం చెబుతున్నది అదే. ఆమె పట్టుదల చూసి మెచ్చాడని, తాళ్ల లెక్క చూసి మెచ్చాడని చెప్పలేదు. ఆమె అలసట చూసి కరిగాడని చెప్పింది.

పాత వ్యాఖ్యాతలు ఆ రెండంగుళాలకు అందమైన అర్థం చెప్పారు. ఒక అంగుళం మనిషి పడే శ్రమ, రెండోది భగవంతుడి దయ. ఈ రెండూ కలిస్తేనే తాడు సరిపోతుంది. శ్రమ అన్నారు చూడండి, గెలుపు అనలేదు. యశోద గెలిచిందెక్కడ? చెమట పట్టేదాకా చేసింది, అంతే. ఆ మొదటి అంగుళం మీరు ఈ రోజు నింపేశారు. పొద్దున్నుంచి మీరు చేసిందంతా ఆయన చూస్తూనే ఉన్నాడు. రెండో అంగుళం ఆయనది. దాన్ని కూడా మీరే నింపాలని ఎవరు చెప్పారు మీకు?

“అది యశోద కాబట్టి. నాకా భక్తి ఎక్కడిది? దీపం పెట్టడమే గగనమైపోయింది ఈ మధ్య” అంటారేమో. అలాంటివాళ్ల కోసమే ఇంకో కథ ఉంది. అది మనింట్లోనే ఉంది, అనంత పద్మనాభ వ్రతకథలో.

భాద్రపద శుద్ధ చతుర్దశి నాడు చేసుకునే వ్రతం అది. హైదరాబాదులో వీధులన్నీ వినాయక నిమజ్జనంతో హోరెత్తే రోజు కాబట్టి, ఇళ్లలో సాగే ఈ వ్రతం పెద్దగా కనబడదు. పూజలో పెట్టిన ఎర్రటి దారాన్ని, 14 ముడులున్న తోరాన్ని, చేతికి కట్టుకుంటారు. దాన్ని ‘అనంతం’ అనే పిలుస్తారు. 14 లోకాలలోనూ నిండినవాడిని ఒక దారప్పోగులో ఆవాహన చేసి, చేతికి కట్టుకుని, మళ్లీ వంటింట్లోకి వెళ్లి పని చూసుకుంటారు. ఎంత ధైర్యం, ఎంత చనువు!

ఆ కథలో కౌండిన్యుడని ఒకాయన ఉన్నాడు. భార్య చేతికున్న తోరం చూసి, తనను లొంగదీసుకోవడానికే ఏదో కట్టుకుందని అనుమానపడి, తెంచి నిప్పుల్లో వేశాడు. తర్వాత ఇల్లు చితికిపోయింది. ఉన్న సంపద పోయింది. తాను చేసిన పని తెలిసొచ్చి, అనంతుడెక్కడున్నాడో వెతుకుతానని అడవిలోకి బయల్దేరాడు.

దారిలో కనబడిన ప్రతిదాన్నీ అడిగాడు. నిండా పండ్లున్నా ఒక్క పిట్టా వాలని మామిడి చెట్టును అడిగాడు, “అనంతుణ్ణి చూశావా?” చూడలేదంది. ఆవును అడిగాడు. ఎద్దును అడిగాడు. కొలనులను అడిగాడు. గాడిదను, ఏనుగును కూడా అడిగాడు. అందరిదీ ఒకటే జవాబు. ఆ మామిడి చెట్టు, తనకున్న చదువు ఎవరికీ చెప్పని పండితుడట. ఆ గాడిద కోపమట, ఆ ఏనుగు మదమట. అవన్నీ అతనికి చివర్లో తెలిశాయి. నడిచేటప్పుడు మాత్రం ‘చూడలేదు’ అనే మాట తప్ప ఇంకేమీ వినబడలేదు.

మీకూ అలాంటి నడక ఒకటి సాగుతూ ఉండొచ్చు. ఒక డాక్టర్ కాదంటే ఇంకో డాక్టర్. ఒక ఆఫీసు కాదంటే ఇంకో ఆఫీసు. తెలిసినవాళ్లను అడిగారు, తెలియనివాళ్లను అడిగారు. కొన్ని గుళ్లకు కూడా తిరిగి ఉంటారు. ఎక్కడా తలుపు తెరుచుకున్నట్టు అనిపించలేదు.

కౌండిన్యుడు ఇక నడవలేక నేలమీద పడిపోయాడు. కథ మలుపు తిరిగింది ఆ పడిపోయిన చోటే. ఒక ముసలి బ్రాహ్మడు దగ్గరకు వచ్చాడు. లేవదీశాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దర్శనమిచ్చాడు. ఆ వచ్చినవాడే అనంతుడు.

ఇతను యశోద కాదు. తోరాన్ని నిప్పుల్లో వేసినవాడు. అయినా అలసి పడిపోతే ఆయన వచ్చాడు. వచ్చినప్పుడు కూడా శంఖచక్రాలతో రాలేదు, అతనిలాగే నడిచి వచ్చిన ముసలివాడిలా వచ్చాడు. ఎందుకలా వచ్చాడంటారు? పడిపోయిన మనిషిని లేపాలంటే ముందు పక్కన కూర్చోవాలి కదా. ఈ వారంలో మిమ్మల్ని “భోజనం చేశావా?” అని అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ ముఖం ఒక్కసారి గుర్తు చేసుకోండి.

కొంతమందికి ఇంకో సంకోచం ఉంటుంది. లోకంలో ఇంత పెద్ద కష్టాలుండగా నా చిన్న గొడవ దేవుడికేం చెప్పుకుంటాను అని. అత్తగారి మాట నొప్పించిందని, బండి రిపేరుకు డబ్బుల్లేవని, మధ్యాహ్నం నుంచి తలనొప్పిగా ఉందని చెప్పుకోవడం సిగ్గు అనిపిస్తుంది.

దీనికి జవాబు ఒక లెక్కల పుస్తకంలో ఉంది. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు తన బీజగణితంలో, ఒక సంఖ్యను సున్నాతో భాగిస్తే వచ్చేదానికి ఖహరమని పేరు పెట్టి, దాని స్వభావం చెబుతాడు. దానికి ఎంత కలిపినా పెరగదు, ఎంత తీసినా తరగదు. అక్కడ ఆ పెద్దమనిషికి ఉన్నట్టుండి దేవుడు గుర్తొచ్చాడు. సృష్టి వేళ ఎన్ని ప్రాణులు బయటికి వచ్చినా, ప్రళయంలో ఎన్ని లోపలికి చేరినా, అనంతుడైన అచ్యుతుడిలో ఏ మార్పూ లేనట్టే ఇదీ అని రాశాడు. లెక్కలు నేర్పుతూ నేర్పుతూ ఒక్క క్షణం నమస్కారం పెట్టుకున్నట్టుంటుంది ఆ చోటు.

ఇది మీకు ఎలా పనికొస్తుందంటే, మీరు అడిగేది ఎంత చిన్నదైనా ఎంత పెద్దదైనా ఆయన దగ్గర తరుగు పడదు. వేరొకరికి చేరాల్సిన దయ మీరు వాడేసుకున్నట్టు కాదు. మీ తలనొప్పి గురించి చెప్పినంత మాత్రాన ఇంకొకరి కన్నీళ్లు వినడం ఆయనకు ఆలస్యం కాదు. మనుషుల దగ్గరైతే ఆ లెక్క ఉంటుంది. ఒక తల్లి నలుగురు పిల్లల మధ్య నలిగిపోతుంది, అది నిజం. ఆయన దగ్గర ఆ లెక్క లేదు. కాబట్టి చెప్పుకోండి. తలనొప్పి గురించే చెప్పుకోండి.

ఇక పడుకోవడం గురించి. అలసినవాళ్లతో మాట్లాడుతూ ఆ మాట ఎత్తకపోతే ఎలా?

కృష్ణ ఒడ్డున ఉండవల్లిలో కొండను తొలిచిన గుహలున్నాయి. పైకెక్కి లోపలికి వెళితే, చీకటికి కళ్లు అలవాటు పడ్డాక, సుమారు 20 అడుగుల పొడవున అనంత పద్మనాభుడు శేషుడి మీద పడుకుని కనిపిస్తాడు, ఆ కొండరాతిలోనే చెక్కిన రూపం. ఆ శేషుడి పేరు కూడా అనంతుడే. పడుకున్నవాడూ అనంతుడే, పాన్పూ అనంతుడే. లోకాలన్నీ మోసేవాడిని ఈ రూపంలో మనవాళ్లు నిలబెట్టి చెక్కలేదు, పరుగెత్తిస్తూ చెక్కలేదు. హాయిగా పడుకోబెట్టారు.

తొలి ఏకాదశికి స్వామి యోగనిద్రలోకి వెళతాడని, కార్తీకంలో ఉత్థాన ఏకాదశికి లేస్తాడని మన నమ్మకం. నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లోనే కదా మన దగ్గర వానలు పడేది, నాట్లు పడేది, చెరువులు నిండేది! ఆయన పడుకున్నాడని గింజ మొలకెత్తడం మానలేదు. యోగనిద్ర అంటే అన్నీ కనిపెట్టి ఉండే నిద్ర. ఆయన అలా కనిపెట్టి ఉండబట్టే మీరు మామూలు నిద్ర పోవచ్చు, గురకపెట్టి మరీ పోవచ్చు. మీరు ఆరుగంటలు కళ్లు మూసుకుంటే ఇల్లు కూలిపోదు. ఒకవేళ అర్ధరాత్రి పిల్లాడు లేస్తే అప్పుడు లేద్దురుగాని. లేవబోతాడేమోనని ఇప్పటి నుంచే మేలుకుని ఉండక్కర్లేదు.

తిరువనంతపురం గుడికి వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ స్వామి ఒక్క వాకిట్లోంచి మొత్తం కనిపించడు. ఊరి పేరులోనే అనంతుడున్నాడు, ఆయన దర్శనం మాత్రం మూడు వాకిళ్లలోంచి. ఒక వాకిట్లో ముఖం, మధ్య వాకిట్లో నాభికమలం, మూడో వాకిట్లో పాదాలు. వరుస నడుస్తూ ఉంటుంది, ఒక్కో వాకిటి ముందు కొద్దిసేపే. మీరిప్పుడు పాదాల వాకిలి ముందు ఉన్నారేమో. ముఖం కనిపించడం లేదు. నవ్వుతున్నాడో లేదో తెలియడం లేదు. అయినా ఎదురుగా ఉన్నవి ఆయన పాదాలే. పట్టుకోవడానికి అవి చాలు.

ఈ మధ్య ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకుని ఇది చదువుతున్నారా? మీతో ఎక్కువ మాట్లాడను, మీ పక్కన కాసేపు ఊరికే ఉంటాను. మనిషి వెళ్లిపోతే మన భాషలో ప్రాణాలు ‘అనంతవాయువుల్లో కలిసిపోయాయి’ అంటారు. పేపర్లో చదివినప్పుడు అదొక రివాజు మాటలా ఉంటుంది. మన ఇంటి మనిషి గురించి అన్నప్పుడు మాత్రం వేరేగా వినిపిస్తుంది. ఆ మాట ప్రకారం మీవాళ్లు శూన్యంలోకి పోలేదు. ఆయన పేరున్న చోటికే వెళ్లారు. ఖాళీ కుర్చీ చూసి మీకు ఏడుపొస్తే ఏడవండి, ఏ భక్తుడూ ఏడుపు మానుకోలేదు.

ఇప్పుడు ఒక చిన్న నిర్ణయం తీసుకుందాం. పెద్దది వద్దు. మండల దీక్షలు, నూట ఎనిమిది ప్రదక్షిణలు ఒంట్లో ఓపిక వచ్చాక చూసుకోవచ్చు.

ఈ రోజు నుంచి దిగులుకు ఆ పెద్ద పేరు పెట్టడం మానేద్దాం. ‘అంతులేని అప్పు’ అనకుండా దాన్ని దాని సొంత పేరుతో పిలుద్దాం: వచ్చే పదో తారీఖుకు కట్టాల్సిన వాయిదా. ‘అంతులేని చాకిరీ’ అనకుండా ఈ పూట వంట, రేపటి బట్టలు అందాం. సొంత పేరుతో పిలిస్తే దాని అసలు కొలత తెలుస్తుంది. కొలత తెలిసినదానికి మొదలూ ఉంటుంది, చివరా ఉంటుంది. దిగులు మళ్లీ ఆ పెద్ద పేరు తగిలించుకుని రాత్రి పన్నెండింటికి వస్తే, ‘అనంతా!’ అని ఒక్కసారి ఆయననే పిలవండి. మంత్రం తెలియాల్సిన పనిలేదు, పేరు చాలు.

రెండోది, ఈ రాత్రికి ఒక పని మిగిల్చి పడుకోండి. కావాలనే మిగిల్చండి. ఉతికిన బట్టలు మడత పెట్టకుండా కుర్చీ మీదే ఉండనివ్వండి. పొద్దున్నే వాటిని చూసి ఎవరైనా ఏమైనా అంటే అననివ్వండి.

మూడోది కొంచెం కష్టం. మీకు తక్కువపడుతున్న ఆ రెండంగుళాల గురించి మనుషులెవరికైనా చెప్పండి. దేవుడికి చెప్పుకోవడం అలవాటే మనకు, పక్కమనిషిని అడగడానికే నోరు రాదు. కౌండిన్యుడి దగ్గరికి ఆయన మనిషిలా వచ్చాడని ఇందాకే చదివాం. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లడం ప్రతిసారీ మీ వంతే అవుతుంటే, ఈ గురువారం తమ్ముణ్ణి వెళ్లమనండి. “నాకు ఒంట్లో బాగాలేదు, అలసిపోయాను, ఈ ఒక్కసారి నువ్వు చూసుకోరా” అనండి. సంజాయిషీలు చెప్పొద్దు, సెలవు దొరకదేమోనని మీరే ముందుగా అతని తరఫున ఆలోచించొద్దు. మరీ పొద్దుపోకపోతే అతను మేలుకునే ఉంటాడు. చేయండి ఫోన్.